పెంకు ఒలిచే జాలి వద్దు, చూస్తూ ఊరుకునే నియమమూ వద్దు



ఈసారి పాత ఫొటోలు, వంశవృక్షం పక్కన పెట్టి బాతుగుడ్ల గురించి రాస్తున్నాం. కొందరు నవ్వుకుంటారని తెలుసు. కానీ ధర్మపురిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ, బెంగళూరు, చెన్నై మిద్దెల మీదా, సముద్రం దాటిన మన పిల్లల ఇళ్లల్లోనూ ఇప్పుడు బల్ల మీద ఒక చిన్న ఇంక్యుబేటర్ కనిపిస్తోంది. అందులో పదో పన్నెండో బాతుగుడ్లు. 28వ రోజు దగ్గరపడేసరికి చుట్టాల వాట్సాప్ గ్రూపులో వీడియో వస్తుంది. ఒక చేతిలో గుడ్డు, ఇంకో చేతిలో ట్వీజర్. పెంకు ముక్కముక్కగా ఊడి వస్తా ఉంటుంది. వెనక నుంచి "పాపం, పాపం" అని గొంతులు. కింద వరసగా దండాలు, పూలు, "మీ మనసు వెన్న" అని మెచ్చుకోళ్లు. మూడో రోజు ఆ పిల్ల ఏమైందో చెప్పే వీడియో మాత్రం రాదు.

దీనికి ఎదురుగా ఇంకో పక్షం ఉంది. వాళ్లు వీడియోలు పెట్టరు, సూక్తులు పెడతారు. "ముట్టుకోవద్దు. తనంతట తాను రాలేనిది బతకదు, బతకకూడదు కూడా. ప్రకృతి నియమం." అట్లా అని లైటు ఆపి పడుకుంటారు. పొద్దున లేచి, పెంకులోనే చచ్చిన పిల్లను కొబ్బరిచెట్టు మొదట్లో పాతేసి చేతులు కడుక్కుంటారు.

ఈ రెండు పక్షాలతోనూ మాకు తగువుంది. ఒకరికి ఆత్రం ఎక్కువై దానికి జాలి అని పేరు పెట్టుకున్నారు. ఇంకొకరు తమ అజాగ్రత్తకు ప్రకృతి అని పేరు పెట్టుకున్నారు. పెంకు దగ్గర చిక్కుకున్న బాతుపిల్లకు ఎప్పుడు చెయ్యి అందించాలో తేల్చేవి మూడు: గడియారం, పొర రంగు, నెత్తురు. ఈ మూడూ చూడకుండా ఒలిచేవాళ్లదీ తప్పే, చూడకుండా వదిలేసేవాళ్లదీ తప్పే.

లోపల జరిగే పని

తగువు పెట్టుకునే ముందు విషయం తెలుసుకుందాం. కోడిగుడ్డుకు 21 రోజులు. మామూలు బాతుగుడ్డుకు 28. మస్కోవీ బాతుకైతే 35 దాకా పడుతుంది. బాతుపిల్ల బయటికి రావడం ఒక్క దెబ్బతో అయ్యే పని కాదు. మొదట అది గుడ్డు మొద్దు వైపున్న గాలి గదిలోకి, లోపలి పొరను పొడిచి, ముక్కు పెడుతుంది. మా ఇంట్లో దీన్ని లోపొడుపు అంటాం. బయటికి ఏమీ కనపడదు. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా కిచకిచ వినిపిస్తుంది. చీకట్లో టార్చి ఆనించి చూస్తే గాలి గదిలో నీడ కదుల్తుంది. దాని ఊపిరితిత్తులు మొదటిసారి గాలి పీల్చేది అప్పుడే. తర్వాత ఒక రోజుకో, ఇంకాస్త ఆలస్యంగానో పెంకు మీద చుక్కలాగా పగులు కనిపిస్తుంది. ఇది పైపొడుపు. ఆ తర్వాత ఆ పగులు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ పెంకును టోపీలాగా కోసుకుని, కాళ్లతో తన్నుకుని బయటపడుతుంది.

పైపొడుపుకూ ఈ చుట్టుకోతకూ మధ్య పిల్ల ఊరికే పడుకున్నట్టు ఉంటుంది. 24 గంటలు ఉండొచ్చు, ఒక్కోసారి 36, 48 కూడా. చూసేవాళ్ల ప్రాణం కొట్టుకునేది ఇక్కడే. కానీ లోపల పని ఆగలేదు. ఇన్నాళ్లూ దానికి ఊపిరి అందించింది పెంకు లోపలి పొరలో పరుచుకున్న సన్నని రక్తనాళాలు. ఆ నెత్తురంతా ఇప్పుడు పిల్ల ఒంట్లోకి తిరిగి చేరాలి. పొట్టకు బయట ఉన్న పచ్చసొన సంచి బొడ్డు గుండా లోపలికి పోవాలి. ఆ తర్వాత బొడ్డు మూసుకోవాలి. బయటికొచ్చాక మొదటి రెండు రోజులకు ఆ పచ్చసొనే దాని చద్దిమూట. అందుకే అప్పుడే పుట్టిన పిల్ల మేత ముట్టకపోయినా కంగారు పడక్కర్లేదు.

మా అవ్వకు ఊపిరితిత్తుల సంగతి ఎవరూ చెప్పలేదు. కానీ పిల్లలు గంప చుట్టూ మూగితే ఒకటే అనేది: "అది లోపల మూట కట్టుకుంటా ఉండాది. తలుపు కొట్టొద్దండి." మేము చదివిన ఏ పుస్తకంలోనూ ఇంతకంటే బాగా రాసింది లేదు.

ఒలిచేవాళ్లతో మా తగువు

పొరలో నెత్తురు పారుతుండగానే పెంకు తీస్తే నాళం తెగుతుంది. బాతుపిల్ల ఒంట్లో ఉండే నెత్తురే కొంచెం. మన కంటికి అవి రెండు చుక్కలే, దానికి పెద్ద గండి. నెత్తురు రాకుండా తప్పించుకున్నా, పచ్చసొన పూర్తిగా లోపలికి పోకముందే బయటికి లాగితే బొడ్డు తెరుచుకునే ఉంటుంది. అందులోంచి మురికి ఎక్కుతుంది. రెండు మూడు రోజుల్లో పొట్ట ఉబ్బి పోతుంది. అప్పుడు "దాని ఆయుష్షు అంతే రాసిపెట్టి ఉంది" అంటారు. ఆయుష్షు సంగతి దేవుడెరుగు. ట్వీజర్ ఎవరి చేతిలో ఉందో మనందరమూ వీడియోలో చూశాం.

ఇంకో నష్టం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒక గుడ్డుకు సాయం చేయడానికి మూత తెరిచినప్పుడల్లా పెట్టెలోని తడిగాలి బయటికి పోతుంది. అప్పటికే పొడిచి, ముక్కు కనిపిస్తున్న మిగతా గుడ్లలో పొర ఆరిపోయి, కాగితంలాగా పిల్ల ఒంటికి అతుక్కుంటుంది. అది మెడ తిప్పలేదు, చుట్టుకోత కోయలేదు. అంటే ఒకదాన్ని కాపాడుతున్నామని నాలుగుసార్లు మూత తీసినవాళ్లు, సాయం కావాల్సిన ఇంకో నాలుగింటిని తయారు చేస్తున్నారు. ఆ నాలుగింటికీ మళ్లీ ట్వీజర్. తర్వాత "మా పెట్టెలో ప్రతి పిల్లకూ సాయం చేయాల్సి వస్తోంది, ఈ గుడ్లే బలం లేనివి" అని గుడ్లమ్మిన వాడిని తిట్టడం.

"పిల్లలు చూడాలి కదా, వాళ్లకు ప్రాణం విలువ తెలియాలి కదా" అంటారు. చూడనీయండి, మాకు సంతోషమే. పెట్టెకు అద్దం ఉన్నది అందుకే. కానీ గుడ్డు ఒలవడం చూసిన పిల్లవాడు నేర్చుకునేది ప్రాణం విలువ కాదు. మనకు ఓపిక అయిపోయినప్పుడు ఎదుటి ప్రాణి పని మనమే చేసేయొచ్చని నేర్చుకుంటాడు. వాడికి ఒక పెన్సిలు, నోటుబుక్కు ఇవ్వండి. ఏ గుడ్డు ఎన్ని గంటలకు పొడిచిందో రాయమనండి. రాత్రి తొమ్మిదికి ఉన్నట్టే పొద్దున ఆరుకీ ఉంటే దాని పక్కన "ఆరు గంటలు, మార్పు లేదు" అని రాయమనండి. రెండు రోజులు అట్లా కాచుకుని, ఆ పిల్ల తనంతట తాను పెంకు తన్నుకుని బయటపడడం చూసినవాడికి వేరే నీతిపాఠం అక్కర్లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒలిచి తీసిన ఒక్క పిల్లను అరచేతిలో, ఒళ్లో పెట్టుకుని పెంచితే అది మనల్నే తల్లి అనుకుంటుంది. నీటిపక్షుల పిల్లల్లో ఈ గుణాన్ని పరిశీలించిన కాన్రాడ్ లోరెంజ్ 1973లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు. అట్లాంటి బాతు పెద్దయ్యాక మందలో ఇమడడానికి తిప్పలు పడుతుంది. ఫొటోలకు అందంగా ఉంటుంది, నిజమే. దాని బతుకు మన ఫొటో కోసం కాదు కదా.

"ప్రకృతి" పక్షంతో మా తగువు

వీళ్లతో మాకు ఇంకా పెద్ద తగువు. ఎందుకంటే వీళ్ల మాట వినడానికి పెద్దమనిషి మాటలాగా ఉంటుంది.

మొదట అడగాల్సింది: ఏ ప్రకృతి? మన వైపు పెంచే ఖాకీ క్యాంప్‌బెల్ బాతు అడవిలో పుట్టింది కాదు. ఇంగ్లండులోని గ్లోస్టర్‌షైర్‌లో, యూలీ అనే ఊళ్లో, అడెల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ 1900 ప్రాంతంలో వేరువేరు బాతులను కలిపి తయారు చేసిన జాతి అది. ఆ కలపడంలో ఇండియన్ రన్నర్ కూడా ఉంది. పేరులో ఇండియా ఉన్నా అది ఇండోనేషియా దీవుల వైపు బాతు. ఏడాదికి 300 గుడ్ల దాకా పెట్టేలా పెంచుకుంటూ వచ్చారు. ఆ క్రమంలో పొదిగే గుణం దాదాపు పోయింది. గుడ్డు పెట్టి లేచిపోతుంది, వెనక్కి తిరిగి చూడదు. తల్లి పొదగని జాతిని మనిషి తయారు చేశాడు. దాని గుడ్డును మనిషి చేసిన పెట్టెలో, కరెంటు వేడి మీద, మనిషే పెట్టాడు. 27 రోజులు అన్నీ మనిషి చేసి, 28వ రోజు మాత్రం ప్రకృతి చూసుకోవాలంటే ఎట్లా?

రెండోది, ఇదే అసలైనది. పెంకులో చిక్కుకున్న పిల్ల బలహీనమైనదని ఎవరు చెప్పారు? చాలాసార్లు అది ఆరోగ్యమైన పిల్లే. దాన్ని ఇరికించింది మనం. మొద్దు వైపు కిందికి, కొన వైపు పైకి పెట్టిన గుడ్డులో తల తప్పు వైపు తిరుగుతుంది. సరిగా తిప్పని గుడ్డులోనూ పిల్ల అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. తడి తక్కువైతే పొర తోలులాగా గట్టిపడుతుంది. తడి మరీ ఎక్కువైతే గుడ్డులోని నీరు పోక, గాలి గది చిన్నదై, పిల్ల ఉబ్బి తిరగలేకపోతుంది. ఇందులో ఒక్కటైనా పిల్ల చేసిన తప్పుందా?

మన ధర్మపురి మెట్ట ప్రాంతం. మార్చి నుంచి మే దాకా గాలి గొంతు ఎండగడుతుంది. ఉతికిన దుప్పటి గంటలో ఆరుతుంది. ఆ గాలిలో పెట్టిన ఇంక్యుబేటర్‌లో, కోడిగుడ్లకు వేసినట్టు చిన్న గిన్నెడు నీళ్లు పోసి బాతుగుడ్లు పెడితే తడి ఎక్కడి నుంచి వస్తుంది? చెన్నైలోనూ కౌలాలంపూర్‌లోనూ ఉన్న మనవాళ్లకు తిప్పలు తలకిందులు, అక్కడ గాలిలోనే నీళ్లుంటాయి. చలిదేశాల్లో హీటరు వేసిన గదుల్లో మళ్లీ మన ఎండాకాలం లాంటి పొడిగాలే. అందుకే ఇంకొకరి వీడియోలో చెప్పిన నీళ్ల కొలత మీ ఇంట్లో పనికిరాదు.

మన పెద్దవాళ్లు దీన్ని ఎట్లా చేసేవాళ్లో గుర్తు తెచ్చుకోండి. బాతుగుడ్లను పొదుగుకొచ్చిన కోడిపెట్ట కింద వేసేవాళ్లు. బాతుగుడ్డు పెద్దది, పెట్ట తన కాళ్లతో సరిగా తిప్పలేదు, కాబట్టి అది మేతకు లేచినప్పుడు అవ్వ చేత్తో తిప్పేది. తల్లి బాతయితే నీళ్లలో దిగి తడిసిన ఈకలతో వచ్చి కూర్చుంటుంది. కోడికి ఆ తడి లేదు. కాబట్టి గోరువెచ్చని నీళ్లు చేత్తో చిలకరించేది. గుడ్డు వేడి సరిపోయిందో లేదో కనురెప్పకు ఆనించి చూసేది. ఈజిప్టులో వేల గుడ్లు పొదిగే పాత మట్టిగదుల్లో పనివాళ్లు కూడా థర్మామీటరు లేకుండా కనురెప్పతోనే వేడి చూసేవాళ్లు. చైనా, వియత్నాం, బంగ్లాదేశ్ వైపు వేడి చేసిన వడ్లు, ఊక మధ్య బాతుగుడ్లు పొదిగించేవాళ్లు. వీళ్లంతా ప్రకృతికి వదిలేసినవాళ్లు కాదు, రోజూ చెయ్యి పెట్టి చూసుకున్నవాళ్లు. చివర్లో చెయ్యి పెట్టాల్సిన అవసరం తక్కువ పడింది అందుకే.

కాబట్టి "బలమైనదే బతకాలి" అనేవాళ్లను మేము లెక్క అడుగుతాం. మీ పెట్టెలో వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉందా? 25వ రోజు దాకా తడి 55 శాతం దగ్గర, ఆ తర్వాత 70 దాకా పెంచారా? తడి కొలిచే మీటరు నిజం చెబుతోందో లేదో చూశారా? చూడడం తేలిక. చిన్న మూతలో ఉప్పు వేసి, కరిగిపోకుండా తడి ఇసుకలాగా అయ్యేంత నీరు కలిపి, దాన్నీ మీటరునూ గాలి చొరబడని డబ్బాలో ఒక రాత్రంతా ఉంచండి. 75 దగ్గర చూపాలి. 65 చూపితే మీ మీటరు పది తక్కువ చెబుతోందని అర్థం. గుడ్లు తూచారా? 70 గ్రాముల బాతుగుడ్డు 25వ రోజుకు సుమారు 8, 9 గ్రాములు తగ్గాలి. తగ్గకపోతే తడి ఎక్కువ, మరీ తగ్గిపోతే తడి తక్కువ. ఇవేవీ చూడనివాళ్లు పిల్ల బలం గురించి తీర్పు చెప్పడానికి లేదు.

వాళ్ల వాదనలో ఒక్క మాట మేము ఒప్పుకుంటాం. నిజంగా పుట్టుకలోనే లోపమున్న పిల్లలుంటాయి, ఆ లోపం తర్వాతి తరానికి పోవచ్చు. సరే, దానికి మందు చావు కాదు. సాయంతో బయటపడిన పిల్లకు కాలికో ఆకుకో గుర్తు రింగు వేయండి. కారణం తెలియకపోతే దాన్ని గుడ్ల కోసం, నేస్తం కోసం ఉంచుకోండి, విత్తనానికి వాడొద్దు. ఇంతటితో ఆ భయం తీరుతుంది. దానికోసం ఒక బతికే పిల్లను ఎండిన పొరలో రాత్రంతా అరవనివ్వాల్సిన పనిలేదు.

ఎప్పుడు, ఎంత

ఇప్పుడు పని మాట. మేము పాటించేది ఇది.

పైపొడుపు కనపడిన గంట గుడ్డు మీద పెన్సిలుతో రాస్తాం. పేనా వద్దు. 24 గంటల దాకా ఏమీ చేయం. పిల్ల అరుస్తున్నా, ఆగిపోయినా, అదే మాట. కదలకపోవడం చావు కాదు, అది అలసట తీర్చుకోవడం. ఆ పగుల్లోంచి చూస్తే పిల్ల ఏదో నములుతున్నట్టు నోరు తెరుస్తూ మూస్తూ కనిపిస్తే, పచ్చసొన ఇంకా లోపలికి పోతోందని మా లెక్క. దాన్ని అస్సలు ముట్టుకోం.

మేము కదిలేది ఈ గుర్తులకే. పొడిచి 24 గంటలు దాటి, పగులు ఏమీ పెరగక, కనిపించే పొర తెలుపు పోయి గోధుమ రంగుకు తిరిగి తోలులాగా ఎండిపోతే. చుట్టుకోత మొదలుపెట్టి సగంలో ఆపి, కొన్ని గంటలైనా ముందుకు పోకపోతే. గాలి గది లేని కొన వైపు పొడిస్తే, దానికి ఇరుకు ఎక్కువ కాబట్టి మొదటి నుంచీ కన్నేసి ఉంచుతాం. పొర తెల్లగా, తడిగా ఉండి గంటలు మాత్రమే ఎక్కువైతే ఇంకా ఆగుతాం. గడియారం ఒక్కటే సాక్ష్యం కాదు, పొర కూడా చెప్పాలి.

సాయం అంటే బయటికి తీయడం కాదు. చేతులు శుభ్రంగా కడుక్కుని, కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీటిలో దూది ముంచి, ఎండిన పొర మీద అద్దుతాం. ముక్కు రంధ్రాల్లోకి నీరు పోకూడదు. పొర తడిసిందంటే లోపలి నాళాలు కంటికి కనిపిస్తాయి. ఎర్రగా, నిండుగా ఉంటే అక్కడితో సరి, గుడ్డు మళ్లీ పెట్టెలోకి. ఇంకో నాలుగైదు గంటల తర్వాత మళ్లీ చూడడం. నాళాలు లేకపోతే, ఉన్నా సన్నగా వెలిసిపోయి ఉంటే, గాలి గది మీదున్న పెంకు మాత్రం కొంచెం కొంచెం తీస్తాం. ఎక్కడ నెత్తురు చుక్క కనిపించినా ఆపేస్తాం. శుభ్రమైన దూదితో మెల్లగా అదిమి లోపల పెట్టేస్తాం. తల, మెడ విడిపడితే మన పని అయిపోయినట్టే. కింది సగం పెంకు దానికే వదిలేయాలి. ఆ తన్నులాటలోనే మిగిలిన పని పూర్తవుతుంది. ఇంకా పచ్చసొన మిగిలి ఉంటే, ఆ పెంకే దానికి కాపు.

మూత తీసేది ఒక్కసారి, అన్నీ సిద్ధం చేసుకుని. తీసే ముందు గదిలో ఫ్యాను ఆపాలి. తడి పెంచడానికి స్పాంజి, తడిగుడ్డ పెట్టండి కానీ, గాలి రంధ్రాలు మాత్రం మూయొద్దు. చివరి రోజుల్లోనే పిల్లలకు గాలి ఎక్కువ కావాలి. తడి కోసం రంధ్రాలకు టేపు వేసి, మొత్తం పెట్టెను ఊపిరాడక చంపిన ఇళ్లు ఉన్నాయి.

ఇంత చేసినా కొన్ని పోతాయి. అప్పుడు ఆ గుడ్డు మీద రాసిన గంట, తూకం, పొర రంగు నోటుబుక్కులో ఉంటాయి. వచ్చే పొదుగుకు ఏం మార్చాలో అవే చెబుతాయి. ఒలిచేవాళ్లకూ వదిలేసేవాళ్లకూ మిగలనిది ఈ నోటుబుక్కే.

పెంకు దాటాక

పెంకు దగ్గర కన్నీళ్లు పెట్టుకున్న ఇళ్లల్లోనే నాలుగో రోజు బాతుపిల్ల ముందు బూజు పట్టిన వేరుశెనగ చెక్క కనిపిస్తుంది. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ విషానికి బాతుపిల్లలంత తొందరగా లొంగేవి తక్కువ. కోడిపిల్లల మేతే వేస్తే నియాసిన్ అనే విటమిను చాలదు. బాతుపిల్లకు అది కోడిపిల్లకంటే ఎక్కువ కావాలి, లేకపోతే కాళ్లు వంకర పోతాయి. మేతలో కొంచెం బ్రూయర్స్ ఈస్ట్ కలిపితే ఆ లోటు తీరుతుంది. మొదటి వారం 32 డిగ్రీల దగ్గర వెచ్చదనం, ముక్కు మునిగేంత లోతు, ఒళ్లు మునగనంత తక్కువ నీళ్లు. ఇది కూడా సాయమే. దీనికి ఎవరూ వీడియో తీయరు, అంతే తేడా.

తెలియనప్పుడు అడగడానికి మనకు మనుషులున్నారు. హోసూరులో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వారి కోళ్ల పెంపకం కళాశాల ఉంది. మన జిల్లాలోనే పాపారపట్టిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి సంస్థ ఉంది. ట్వీజర్ పట్టుకునే ముందు ఒక ఫోను చేయండి.

మన ఇళ్లల్లో మిగలాల్సినది

ఇదంతా ఈ పేజీలో ఎందుకు అని అడిగేవాళ్లకు ఒక మాట. మేము తమిళ ఊళ్లో తెలుగు మాట్లాడే కుటుంబం. బజారులో వాత్తు, ఇంట్లో బాతు. బయట అడైకాత్తల్, ఇంట్లో పొదగడం. ఆ ఇంటి మాటల్లో ఒక చదువు ఉంది. ఆవుకు పాలు నిలిచే చోటూ పొదుగే, పెట్ట గుడ్ల మీద కూర్చునేదీ పొదుగుకే. మురిగిన గుడ్డు, మొద్దు వైపు, పొర, పొడుపు: ఒక్కో మాట వెనక ఒక్కో జాగ్రత్త ఉంది. పెట్టె వచ్చాక దాంతో పాటు ఇంగ్లీషు కాగితం వచ్చింది. ఆ కాగితంలో నీళ్లు చిలకరించే అవ్వ లేదు. దాన్ని చదివిన మనమలు పెద్దవాళ్లను అడగడం మానేశారు. పెద్దవాళ్లేమో "మిషన్ ఉండాది కదా, మనకేం తెలుసు" అని తప్పుకున్నారు. మధ్యలో గుడ్డు మురిగింది.

మీ ఇంట్లో బాతుగుడ్లో కోడిగుడ్లో పొదిగించిన అవ్వ, అత్త, పెద్దమ్మ ఎవరైనా ఇంకా ఉంటే, ఈ ఆదివారం కూర్చోబెట్టి అడగండి. ఏ నెలలో పెట్టేవాళ్లు, ఎన్ని గుడ్లు, ఎన్నో రోజు దీపం పట్టి చూసేవాళ్లు, ఎప్పుడు చెయ్యి పెట్టేవాళ్లు, ఎప్పుడు పెట్టనిచ్చేవాళ్లు కాదు. వాళ్లు చెప్పినట్టే, వాళ్ల మాటల్లోనే రాసి మాకు పంపండి. ధర్మపురి తెలుగైనా, కోయంబత్తూరు తెలుగైనా, మధుర తెలుగైనా సరే, దిద్దకుండా పెడతాం. ట్వీజర్ వీడియోలు మాత్రం పంపొద్దు.